అంతర్జాతీయ ఇంగ్లిషు పరీక్షలకు మన పిల్లలు

(అర్ధవీడులో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2023 జూన్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం అమెరికాకు చెందిన ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ అనే సంస్థతో ఒప్పందం చేసుకొంది. ప్రభుత్వ పాఠశాలల్లో మూడు నుంచి ఐదో తరగతి వరకు టోఫెల్ ప్రైమరీ, పై తరగతులకు టోఫెల్ జూనియర్ అన్నారు. 2024 ఏప్రిల్‌లో లక్షలాది పిల్లలు ఆ పరీక్షలు రాశారు. ఆ జూన్‌లో ప్రభుత్వం మారింది, తరువాత ఆ కార్యక్రమమూ ఆగిపోయింది. పెట్టినవారు మంచివారా, తీసినవారు మంచివారా అన్న వాదన రాజకీయ వేదికల మీద జరగవలసినదే గాని, ఇక్కడ మనకు దానితో పని లేదు. డబ్బున్నవారి బిడ్డకు హైదరాబాదులోనో విజయవాడలోనో కోచింగు సెంటరు ఉంది. ప్రభుత్వ ఉత్తర్వుతో అది తెరుచుకోదు, మూతపడదు. నల్లమల అంచున ఉన్న ఈ మండలంలోని పిల్లలకు మాత్రం బడిలో దొరికినదే చదువు. బడిలో లేనిదాన్ని ఇక మనమే సమకూర్చుకోవాలి.

ముందుగా ఒక అపోహ తొలగించుకొందాం. టోఫెల్ జూనియర్ ధ్రువపత్రం చేతికి వస్తే అమెరికా చదువుకు సగం దారి నడిచినట్టేనని చాలామంది తల్లిదండ్రులు మాతో అన్నారు. అది నిజం కాదు. జూనియర్ పరీక్ష పిల్లవాడి ఇంగ్లిషు ఏ మెట్టు మీద ఉందో చూపే కొలబద్ద మాత్రమే. విశ్వవిద్యాలయాలు అడిగేది పెద్దల టోఫెల్‌నో, ఐఈఎల్‌టీఎస్‌నో. వాటి మార్కులు చెల్లేది కూడా రెండేళ్లే. అందువల్ల ఎనిమిదో తరగతి బిడ్డను పరీక్ష పేరు చెప్పి బెదరగొట్టవలసిన పని లేదు. ఈ వయసులో పరీక్ష కన్నా, ఆ పరీక్ష కొలిచే శక్తి ముఖ్యం.

ఆ శక్తి ఏమిటో కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన బడుల ఇంగ్లిషుకూ దానికీ చుక్కెదురు. మన దగ్గర ఇంగ్లిషు అంటే గైడు చూసి కంఠస్థం చేసే ప్రశ్న–జవాబు. టోఫెల్ జూనియర్‌లో మొదటి భాగమే వినడం. ఒక టీచరు తరగతిలో చేసిన ప్రకటన, ఇద్దరు పిల్లల మధ్య సంభాషణ, ఒక చిన్న పాఠం వినిపిస్తారు. విన్నదాన్ని బట్టి జవాబు గుర్తించాలి. పిల్లవాడు ముందెన్నడూ చూడని పాఠం అది. కంఠస్థం అక్కడికి రాదు. పైగా ఆ గొంతులు అమెరికా యాసలో ఉంటాయి. మన బిడ్డ కన్ను ఇంగ్లిషును గుర్తుపడుతుంది, చెవి గుర్తుపట్టదు. పుస్తకంలో చూసి చదవగలిగిన వాక్యాన్నే ఎవరైనా పలికితే బిక్కమొగం వేసే పిల్లలను మేము ఈ ఊళ్లోనే ఎందరినో చూశాం.

కాబట్టి మా మొదటి విన్నపం వినికిడి గురించే. రోజుకు పావుగంట చాలు. ఆకాశవాణి ఇంగ్లిషు వార్తలున్నాయి. బీబీసీ వారి ఇంగ్లిషు పాఠాలు ఫోనులో ఉచితంగా దొరుకుతాయి. పరీక్ష పెట్టే సంస్థే తన వెబ్‌సైటులో నమూనా ప్రశ్నలు ఉంచింది. ఒక్క ఫోను చుట్టూ నలుగురు పిల్లలు కూర్చోవచ్చు. మొదటిసారి ఊరికే వినాలి. రెండోసారి విన్న మాటల్లో తెలిసినవి రాసుకోవాలి. మూడోసారి ఆ సంగతిని తమ ఇంటి భాషలో ఒకరికొకరు చెప్పుకోవాలి. ఈ మూడో పని చాలామంది వదిలేస్తారు. అర్థమైందో లేదో తేలేది అక్కడే. తల్లికి ఇంగ్లిషు రాకపోయినా, “ఏం విన్నావో నాకు చెప్పు బేటా” అని అడగగలదు కదా!

చదవడానికి వేరే పుస్తకాలు కొననక్కరలేదు. 2020 నుంచి మన ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాల్లో ఒక పుట ఇంగ్లిషు, ఎదుటి పుట తెలుగు. తెలుగు పుటను మూసి ఇంగ్లిషు చదివి, సారం చెప్పి, ఆ తరువాత తెలుగు పుట తెరిచి సరిచూసుకోవాలి. సైన్సు, సాంఘికశాస్త్రం పుస్తకాలతో ఇలా చేస్తే పరీక్షకూ, తరగతికీ ఒకే శ్రమ సరిపోతుంది.

ఇంటి భాష అన్నాం కనుక ఆ మాట కూడా చెప్పాలి. 2019 నవంబరులో జీవో 81 ద్వారా బడులన్నిటినీ ఇంగ్లిషు మాధ్యమంలోకి మార్చబోయినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసినప్పుడు, రాష్ట్రమంతా తెలుగా, ఇంగ్లిషా అని చర్చించింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే బిడ్డకు రెండూ బడి భాషలేనన్న సంగతి ఆ చర్చలో ఎంతమందికి గుర్తుంది? భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణంలో చెప్పింది. ఆ హక్కును అడుగుతూనే ఉందాం. అదే సమయంలో, మూడు భాషల మధ్య పెరిగిన బిడ్డను వెనుకబడినవాడిగా చూడటం మానుకోవాలి. జీరో, జూ అన్న మాటల్లోని మొదటి ధ్వని తెలుగు లిపిలో లేదు. ఉర్దూ ఇంటి బిడ్డకు అది తేలిక. ఆ బిడ్డే ‘స్కూల్’ను ‘ఇస్కూల్’ అంటాడు, తెలుగు ఇంటి దూదేకుల బిడ్డ ‘బుక్’ను ‘బుక్కు’ అంటాడు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడితే ఒకరినొకరు దిద్దుకొంటారు.

ఇంగ్లిషు మనకు పరాయిదనే మాట ఇంకా అక్కడక్కడ వినబడుతుంది. 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం ప్రాంతం కర్నూలు జిల్లాలోనిదే. ఆ కర్నూలులో 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉస్మానియా కళాశాల స్థాపించారు. ఈనాడు అక్కడి ఉర్దూ విశ్వవిద్యాలయం ఆయన పేరు మీదే ఉంది. ఉర్దూను ప్రేమించినవారు ఆధునిక విద్యకు దూరం కాలేదనడానికి పక్క ఊరి సాక్ష్యం ఇది.

ఇక ఈ చదువు ఎక్కడ అక్కరకు వస్తుంది? తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి పేరిట ఉన్న విదేశీ విద్యా పథకం 20 లక్షల రూపాయల వరకు ఇస్తుంది. దానికి దరఖాస్తు చేయాలంటే టోఫెల్‌లో 60, లేదా ఐఈఎల్‌టీఎస్‌లో 6 ఉండాలన్నది నిబంధన. మన రాష్ట్రంలోనూ ఇటువంటి పథకాలు పేర్లు మార్చుకొంటూ వచ్చాయి. నిధులు ఉండి, మన బిడ్డకు ఆ మార్కు లేకపోతే ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది. నర్సింగు చదివే ఆడపిల్లల సంగతీ ఇంతే. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావడానికి ఐఈఎల్‌టీఎస్‌లో వినడం, చదవడం, మాట్లాడటంలో 7, రాయడంలో 6.5 రావాలి. ఆ పరీక్ష రుసుమే 2024లో సుమారు 17 వేల రూపాయలు. రెండుసార్లు తప్పితే ఒక పేదింటి పొదుపు ఆవిరైపోతుంది. అందుకే పునాది బడిలోనే పడాలంటున్నాం.

చివరిగా, చిన్నదిగా కనబడే పెద్ద చిక్కు ఒకటి ఉంది. అది పేరు. మన దేశంలో ఐఈఎల్‌టీఎస్ రాయాలంటే పాస్‌పోర్టు తప్పనిసరి. దరఖాస్తులోని పేరు దానితో అక్షరం కూడా తేడా లేకుండా సరిపోవాలి. మన పిల్లల పేర్లేమో ఆధార్‌లో ‘షేక్’, బడి రిజిస్టరులో ‘ఎస్.కె.’, తండ్రి రేషన్ కార్డులో మరో స్పెల్లింగు. పాస్‌పోర్టులో పేరుకొక గడి, ఇంటిపేరుకొక గడి ఉంటాయి. షేక్, సయ్యద్, పఠాన్ ఏ గడిలో పడాలో ఇంట్లో ముందే నిర్ణయించుకోకపోతే మీసేవ దగ్గర ఎవరికి తోచినట్టు వారు రాస్తారు. ఒక్కసారి పదో తరగతి మెమోలో అచ్చయిందంటే దిద్దించడానికి ఏళ్లు పడుతుంది. పదో తరగతి నామినల్ రోల్ వెళ్లకముందే, అంటే ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే, దీన్ని సరిచేసుకోవాలి. ఎవరి మీదా కోపగించకుండా, ఒక తెల్లకాగితం మీద ప్రధానోపాధ్యాయులకు అర్జీ ఇస్తే జరిగే పని ఇది.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు ఇక్కడే కూర్చుంటాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల ఆధార్ కార్డు, జనన ధ్రువపత్రం, బడి ఇచ్చిన ప్రోగ్రెస్ కార్డు తీసుకురండి. మూడింటిలో పేరు ఒక్కటిగా ఉందో లేదో చూసి, లేనివారికి అర్జీలు మేమే రాసిపెడతాం. వినికిడి తరగతి అదే రోజు మొదలవుతుంది. ఆడపిల్లలు పొద్దుగూకకముందే ఇళ్లకు చేరేలా దాన్ని సాయంత్రం నాలుగింటికి పెట్టాం. ఫోను ఉన్నవారు పూర్తిగా చార్జింగు పెట్టుకొని తీసుకురండి; లేనివారు ఉట్టి చేతులతో వచ్చినా పరవాలేదు.