నెలజీతంలోని సైకిలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రొద్దున పంచాంగ శ్రవణంలో మీ మీ రాశులకు ఆదాయమెంతో, వ్యయమెంతో విన్నారు. వ్యయం ఎక్కువ వచ్చినవారు కొంచెం చిన్నబోయి కూర్చున్నట్లే కనబడుతున్నారు. వారిని మరింత బాధించడం మా ఉద్దేశం కాదు గాని, కార్యవర్గంవారు మాకు అప్పగించిన విషయం కూడ ఆదాయ వ్యయాలకు సంబంధించినదే. ఉద్యోగులు పనికి వెళ్లి రావడానికి కంపెనీలే కరెంటు సైకిళ్లను లీజుకు తీసుకొని వారికి ఇచ్చే పద్ధతి కొన్ని దేశాలలో బాగా వ్యాపించింది. ఆ పద్ధతి ఎటువంటిది, మన హోసూరువారికి దానితో ఏమి పని అన్నది ఈ పూట ముచ్చటించుకొందాము.

పని ఉన్నదనే మా అభిప్రాయం. ఏథర్ కంపెనీవారు 2021లో మన ఊళ్లో కర్మాగారం తెరిచారు. టి.వి.యస్. వారి బ్యాటరీ స్కూటరు కూడ ఇక్కడిదే. అదే 2021లో మన కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో ఓలావారి కర్మాగారం వెలసింది. పోచంపల్లి అనగానే మన ఆడవారికి పట్టుచీరలు జ్ఞాపకం వస్తాయి. ఇది ఆ పోచంపల్లి కాదు. ఈ కర్మాగారాన్ని అంతా స్త్రీలచేతనే నడిపిస్తామని కంపెనీవారు ఆనాడు ప్రకటించారు. దేశమంతా తిరిగే కరెంటు బండ్లు ఇన్ని మన చుట్టుపక్కలనే తయారవుతుండగా, వాటిని తయారుచేసేవారు పనికి ఎట్లా వెళుతున్నారన్న ప్రశ్న మనం వేసుకోకపోతే ఇంకెవరు వేస్తారు?

ముందు ఈ సైకిలు సంగతి. యూరప్‌లో దీనిని పెడలెక్ అంటారు. తొక్కితేనే మోటారు సాయం వస్తుంది. కాలు ఆపితే సాయం ఆగుతుంది. మోటారు బలం 250 వాట్లకు మించదు. వేగం గంటకు 25 కిలోమీటర్లు అందుకోగానే మోటారు తప్పుకొంటుంది. ఆపైన మీ కాళ్లు, మీ ఓపిక. ఇన్ని కట్టుబాట్లకు లోబడినందువల్లనే చట్టం దృష్టిలో అది మామూలు సైకిలే. లైసెన్సు లేదు, నంబరు పలక లేదు. మన దేశపు మోటారు వాహనాల నిబంధనలలోనూ 250 వాట్లకు, 25 కిలోమీటర్లకు లోబడిన బండిని మోటారు వాహనంగా లెక్కించరు. అత్తిబెలె సరిహద్దును ప్రొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాటే మనబోటివారికి రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషను బెడద లేకపోవడం చిన్న సౌకర్యమేమీ కాదు. కరెంటు ఖర్చు కూడ అత్యల్పం. 500 వాట్-గంటల బ్యాటరీ నిండడానికి అర యూనిట్టుకు కాస్త పైన పడుతుంది.

ఇక లీజు. మన ప్రాంతంలో ఇల్లు భోగ్యానికి తీసుకోవడం అందరికీ తెలిసినదే: పెద్ద మొత్తం ఇస్తాము, కాపురముంటాము, ఖాళీ చేసేటప్పుడు ఆ మొత్తం తిరిగి పుచ్చుకొంటాము. సైకిలు లీజులో ఆ సుఖం లేదు. ఇది బాడుగ. పైగా ముగ్గురి మధ్య నడిచే బాడుగ. సైకిలు లీజు కంపెనీది. దానిని బాడుగకు తీసుకొనేవాడు యజమాని. ఎక్కి తిరిగేవాడు ఉద్యోగి. బాడుగ సొమ్ము మటుకు చాలాచోట్ల ఉద్యోగి జీతంలో నుంచే విరిగిపోతుంది. విషయమంతా ఇక్కడనే ఉన్నది.

ఈ ఏర్పాటు చక్కగా వేళ్లూనిన దేశం జర్మనీ. అక్కడ కంపెనీ కారును ఉద్యోగి సొంతానికి కూడ వాడుకొంటే, కారు ధరలో నూటికి 1 వంతు చొప్పున ప్రతి నెలా అతని ఆదాయానికి కలిపి పన్ను వేయడం పాత ఆచారం. కారుకు ఉన్న ఈ సులువైన లెక్క సైకిలుకు ఎందుకు ఉండరాదని కొందరు పట్టుబట్టారు. ఫ్రైబుర్గ్ పట్టణంలో 2008లో ఉల్రిష్ ప్రెడిగర్ అనే ఆయన స్థాపించిన కంపెనీ అందులో ముఖ్యమైనది. జాబ్‌రాడ్ అని నేడు దానికి పేరు. 2012 నవంబరులో అక్కడి రాష్ట్రాల ఆర్థిక శాఖలు ఆ కారు లెక్కనే సైకిళ్లకు వర్తింపజేశాయి. 2019లో పన్నుకు లెక్కించే విలువను సగానికి, 2020లో నాలుగవ వంతుకు తగ్గించారు. లీజు గడువు సాధారణంగా 36 నెలలు.

ఒక లెక్క వేసి చూద్దాము. అంకెలు మేము ఊహించుకొన్నవి, పద్ధతి మటుకు అక్కడిదే. సైకిలు ధర 4,000 యూరోలు. అందులో నాలుగవ వంతు 1,000. దానిలో నూటికి 1 వంతు అంటే 10 యూరోలు నెలనెలా పన్ను వేయదగిన ఆదాయానికి కలుస్తుంది. బాడుగ, బీమా కలిపి నెలకు 100 యూరోలు అనుకొందాము. ఈ 100 పన్ను వేయకముందే జీతంలో నుంచి పోతుంది. ఒక ఇంజనీరుకు పై సంపాదనలో ప్రతి 100కు 40 పన్నులకు, సామాజిక బీమాకు పోతున్నదనుకొంటే, అతని చేతికి వచ్చేదానిలో నిజంగా తగ్గేది 64 యూరోలే. 36 నెలలకు 2,304. చివరకు 720 ఇచ్చి సైకిలు కొనుక్కొంటే మొత్తం 3,024. అంగట్లో కొన్నదానికన్న 976 ఆదా. అదే సైకిలు గిడ్డంగిలో మూటలు సర్దేవాడు తీసుకొన్నాడనుకోండి. అతనికి 100కు 25 మాత్రమే పోతుంది గనుక చేతి జీతంలో నెలకు 77 యూరోల 50 సెంట్లు తగ్గుతుంది. అన్నీ కలిపితే 3,510, ఆదా 490. ఎక్కువ జీతగానికి ఎక్కువ లాభం, తక్కువ జీతగానికి తక్కువ లాభం. పన్ను రాయితీ రూపంలో వచ్చే ఉపకారం చాలావరకు ఇట్లాగే ఉంటుంది. దీనిని ఎవరో కుట్రపన్ని చేశారని మేము అనము.

ఇంతకన్న గట్టి చిక్కు ఇంకొకటి ఉన్నది. జర్మనీలో 2015 నుంచి చట్టబద్ధమైన కనీస వేతనం అమలులో ఉన్నది. సైకిలు బాడుగ పేరుతో జీతాన్ని ఆ మట్టం కిందికి దింపరాదు. ఇంగ్లండులోనూ ఇదే సంగతి. అక్కడ పనికి సైకిలు ఇచ్చే పథకం 1999 ఆర్థిక చట్టంతో పుట్టింది. కనీస వేతనం అమలులోకి వచ్చింది కూడ ఆ 1999లోనే. ఒకే ఏట పుట్టిన రెండు మేళ్లు ఒకదానికొకటి అడ్డుపడ్డాయి. కనీస వేతనం మీద బ్రతికేవాడికి జీతంలో కోత పెట్టరాదు గనుక అతనికి సైకిలూ లేదు. కార్మికుని రక్షణకై వ్రాసిన నియమమే అతనిని ఈ పంక్తిలో నుంచి లేపింది. నియమం మంచిదే, దానిని సడలించమని మేము అడగబోము. జీతంలో నుంచి తీసి ఇచ్చేదానికి బహుమానమని పేరు పెట్టడంలోనే దోషం ఉన్నది.

జర్మనీ చట్టంలోనే దీనికి విరుగుడూ ఉన్నది. జీతంలో ఏమీ కోయకుండ, జీతానికి అదనంగా యజమాని తన సొమ్ముతో సైకిలు ఇస్తే, 2019 నుంచి ఉద్యోగికి దానిపై పన్నే లేదు. అయినా కోత పద్ధతినే ఎక్కువమంది యజమానులు పట్టుకొన్నారు. కారణం మీరే ఊహించగలరు.

కోత వల్ల మరికొన్ని జరుగుతాయి. లెక్కలో జీతం తగ్గింది గనుక సామాజిక బీమాకు కట్టే చందా తగ్గుతుంది. రేపటి పింఛను ఆ మేరకు కొంచెం తగ్గుతుంది. నెలకు కొద్దిగానే గాని తగ్గడం మటుకు నిజం. జబ్బు చేసి మంచం పట్టి, యజమాని ఇచ్చే జీతం ఆగిపోయి, బీమావారి భత్యం మీద ఉన్న రోజులలో బాడుగ ఎవరు కట్టాలి? 2023లో ఆఖెన్ పట్టణపు కార్మిక న్యాయస్థానం ముందుకు ఈ వివాదం వచ్చింది. ఉద్యోగే కట్టాలని తీర్పు చెప్పారు. ఉద్యోగం మానితే సైకిలు వాపసు చేయడమో, కొనుక్కోవడమో, కొత్త యజమాని ఒప్పుకొంటే అతని పేరుకు మార్చుకోవడమో జరగాలి. 36 నెలల బాడుగకు కుదురైన ఉద్యోగం కావాలి గనుక, గడువు పెట్టి నియమించినవారిని సాధారణంగా దూరంగానే ఉంచుతారు. యజమానులూ కార్మిక సంఘాలూ సమష్టిగా ఒప్పందం చేసుకొన్నచోట ఆ ఒప్పందం అనుమతించనిదే జీతాన్ని సైకిలుగా మార్చడం కుదరదు. అందుచేతనే అక్కడి పురపాలక ఉద్యోగులు ప్రత్యేకమైన ఒప్పందం కుదిరి 2021 మార్చిలో అది అమలులోకి వచ్చేదాకా వేచి ఉండవలసి వచ్చింది. సంఘంవారు కాగితం చదివి ఒప్పుకొన్న తరువాతనే కోత పడడం, మేము చూసినంతలో, ఈ కథలో మెచ్చదగిన భాగం.

మనకు కూడ ఇటువంటిది పూర్వం ఉండేది. పెద్దవారికి జ్ఞాపకముంటుంది, సర్కారు ఉద్యోగికి సైకిలు అడ్వాన్సు అని ఇచ్చేవారు. వడ్డీ లేదు. నెలనెలా జీతంలో పట్టుకొనేవారు. ఏడవ వేతన సంఘం సిఫారసు మీద 2016లో కేంద్ర ప్రభుత్వం దానిని తీసివేసింది. ఆ మొత్తానికి ఏ సైకిలు వస్తుందని అప్పటికే నవ్వుకొనే స్థితి లెండి. కాని తేడా గమనించండి. అడ్వాన్సు సైకిలు కొన్న నాటి నుంచి మనది. పసుపు కుంకుమ పెట్టి వాకిట్లో నిలుపుకొనేవారము. లీజు సైకిలు మూడేండ్లు తొక్కిన తరువాత కూడ మనది కాదు, మళ్లీ డబ్బిచ్చి కొంటే తప్ప.

హోసూరు సంగతికి వద్దాము. ఇక్కడి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా జాతీయ రహదారి మీద, లారీల మధ్య, 25 కిలోమీటర్ల వేగపు సైకిలుతో పొమ్మని మేము ఎవరికీ సలహా ఇవ్వము. దానికి బస్సే మేలు. అయితే ఇంటి నుంచి బస్సు ఆగే చోటికి, సిప్కాట్ గేటు నుంచి లోపలి కర్మాగారానికి, 2025 ఆగస్టులో మెట్రో వచ్చిన బొమ్మసంద్ర స్టేషను నుంచి అక్కడి పరిశ్రమలకు ఉండే రెండు మూడు మైళ్లున్నాయి చూశారా, మన పిల్లల కాళ్లు అరిగేదీ, ఆటోకు జేబు ఖాళీ అయ్యేదీ అక్కడనే. రాత్రి షిఫ్టు దిగి చీకట్లో నడిచి వచ్చే ఆడపిల్ల సంగతి ఆమె తల్లిని అడగండి. ఈ సైకిలు పనికివచ్చే దూరం సరిగ్గా అదే. ఆ దూరం నడిచేవారిలో పెద్ద జీతాలవారు ఎందరు? కాంట్రాక్టరు కింద పనిచేసేవారే ఎక్కువ. కాంట్రాక్టు ఏటేటా మారుతుంది. 36 నెలల లీజుకు వారి పేరు ఎవరు వ్రాసుకొంటారు?

ఈ సభలో చిన్న కర్మాగారాల యజమానులు కొందరు ముందు వరుసలోనే ఉన్నారు. వారికి మా మనవి ఇది. జీతంలో కోతపెట్టి ఒక్కొక్కరికీ ఒక్కొక్క బండి అంటగట్టడం కంటె, నలుగురైదుగురు కలిసి కొన్ని సైకిళ్లను తమ ఖర్చుతో లీజుకు తెచ్చి గేటు దగ్గర నిలపండి. షిఫ్టు దిగినవారు తీసుకువెళతారు, మరునాడు తీసుకువస్తారు. కాంట్రాక్టు మనిషి అని, పర్మనెంటు మనిషి అని అక్కడ విభజన పెట్టకండి. బ్యాటరీకి ఎండ శత్రువు గనుక నీడపట్టు చూసి రేకుల కొట్టం వేయించండి; చార్జింగు అక్కడే జరగాలి, ఒంటి గది కాపురాలవారిని ఇంటిలో పెట్టుకొమ్మనడం న్యాయం కాదు. పన్ను భయమూ అక్కరలేదు. మన 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోనే, ఇంటికీ పనిచోటుకూ తిరగడానికి యజమాని ఇచ్చిన వాహనాన్ని ఉద్యోగి పొందిన లాభంగా లెక్కించరాదని వివరణ చేర్చారు.

ఉద్యోగం చేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడ ఒక మాట. మీ కంపెనీవారు రేపు ఇటువంటి కాగితం మీ ముందు పెట్టవచ్చు. అది ఇంగ్లీషులో ఉంటుంది, అక్షరాలు సన్నగా ఉంటాయి. ఉద్యోగం మానితే బండి ఎవరిది, దొంగలు ఎత్తుకుపోతే మిగిలిన వాయిదాలు ఎవరివి, జీతం లేని సెలవులో బాడుగ ఎవరు కట్టాలి, చివరకు కొనాలంటే ధర ఎంత అన్నవి అందులో వ్రాసి ఉన్నాయో లేదో చూడవలసి ఉంటుంది. ఆదివారం ప్రొద్దుట సంఘం గదిలో లెక్కలు తెలిసినవారొకరు, చట్టం తెలిసినవారొకరు కూర్చోవడానికి కార్యదర్శిగారు ఒప్పుకొన్నారు. సంతకం పెట్టక ముందే తీసుకురండి, కలిసి చదువుదాము.