ఒకే ఓడలో పలు దేశాలవారు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వాణిజ్య నౌకల యంత్రశాలలలో జీవితంలో అధికభాగం గడిపినవాణ్ణి కనుక, పలు దేశాలవారు కలిసి పనిచేసే చోట భేదాలు ఎక్కడ ఉంటాయి, సామ్యాలు ఎక్కడ ఉంటాయి అన్న విషయం గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేటి వాణిజ్య నౌక ఒక చిన్న ప్రపంచం. యజమాని ఒక దేశంవాడు. ఓడపై ఎగిరే పతాకం మరొక దేశానిది. సిబ్బంది మరి మూడు నాలుగు దేశాలవారు. ప్రపంచ నౌకలకు నావికులను అధికంగా అందిస్తున్న దేశాలలో ఫిలిప్పీన్స్, రష్యా, ఇండోనేషియా, చైనా, భారతదేశం ముఖ్యమైనవి. ఇరవై పాతికమంది నెలల తరబడి ఒకే కప్పు కింద ఉంటారు. నచ్చకపోతే లేచి వెళ్ళిపోవడానికి చుట్టూ నీరు తప్ప నేల లేదు.

ముందు భేదాల మాట. మనం "సరే" అనడానికి తలను పక్కలకు ఊపుతాం. గ్రీసు దేశస్థుడు "కాదు" అనడానికి తలను పైకెత్తుతాడు. "అవును" అనడానికి "నే" అంటాడు. హిందీకో ఒడియాకో అలవాటుపడిన మన చెవికి అది "కాదు" అన్నట్లే తోస్తుంది. జపాను వారి "హై" అనే మాటకు అవునని అర్థమే అయినా, పలు సందర్భాలలో అది "వింటున్నాను" అన్నంత మాత్రమే, అంగీకారమని భ్రమపడరాదు. ఫిలిప్పీన్స్ యువకుడు పెద్దవారి ముఖంమీద "కాదు" అనడానికి జంకుతాడు. డచ్చివాడు ఉన్నమాట ఉన్నట్లు అంటాడు. మనకది అమర్యాదగా తోస్తుంది. అతని దృష్టిలో పనికి మేలు చేసేది అదే.

ఇవి నవ్వుకొని మరచిపోయే ముచ్చట్లు కావు. అర్ధరాత్రి యంత్రాల హోరులో ఒక "అవును"ను అపార్థం చేసుకుంటే ప్రాణాలు పోవచ్చు. 1990 ఏప్రిల్ 7న ఓస్లో నుండి డెన్మార్కుకు వెళుతున్న స్కాండినేవియన్ స్టార్ అనే ప్రయాణికుల ఓడలో నిప్పంటుకొని 159 మంది మరణించారు. నిప్పు, పొగ వ్యాపించడానికి కారణాలు అనేకం. అయితే సిబ్బందిలో పలువురికి ప్రయాణికుల భాష తెలియకపోవడం ఆ రాత్రి ఆపదను మరింత పెంచింది.

ఇటువంటి అనుభవాల నుండే నియమాలు పుట్టాయి. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో నౌకల కోసం ప్రామాణిక వాక్యాల సంపుటిని ఆమోదించింది. అందులో ఇంగ్లీషు సరళం, అలంకారాలకు తావులేదు. ప్రశ్నకు ఊరికే "అవును" అంటే చాలదు. ఆపైన పూర్తి వాక్యం చెప్పాలి. రెండర్థాలు వచ్చే మాటలు వాడరాదు. నూటయాభైని "ఒకటి, అయిదు, సున్న" అని విడివిడిగా పలకాలి. "ఎడమకు పది" అని ఆజ్ఞ వినగానే చుక్కాని పట్టినవాడు "ఎడమకు పది" అని తిరిగి చెప్పి మరీ తిప్పాలి.

నేను పనిచేసిన ఒక ఓడలో ప్రధాన ఇంజనీరు నార్వే దేశస్థుడు. ఆయన ఎవరినీ "అర్థమయిందా?" అని అడిగేవాడు కాదు. "ఇప్పుడు నీవు ఏం చేయబోతున్నావో చెప్పు" అనేవాడు. మొదటి ప్రశ్నకు భయం చేతనో మర్యాద చేతనో అందరూ అవుననే అంటారు. రెండవదానికి అలా తప్పుకోవడం కుదరదు. ఎదుటివాని గౌరవానికి భంగం కలగకుండా నిజం రాబట్టే ఉపాయం అది.

ఇక సామ్యాలు. ఫిలిప్పీన్స్ వారు పెద్దలతో మాట్లాడేటప్పుడు వాక్యంలో "పో" అనే మాట చేరుస్తారు. మనవాళ్ళకు పొమ్మన్నట్లు వినిపిస్తుంది! నిజానికది మన "అండి"కి తోబుట్టువు. వారి "సినిగాంగ్" చింతపండు పులుపుతో చేసే చారు. రాత్రి మిగిలిన అన్నాన్ని ఉదయం వెల్లుల్లితో వేయించుకొని తినడం వారికి వాడుక. చద్దన్నం తిని పెరిగిన మనకది కొత్త కాదు. 2013లో అమలులోకి వచ్చిన సముద్ర కార్మిక ఒడంబడిక నావికులకు ఉచితంగా పెట్టే భోజనం వారి మతాచారాలకు, సంస్కృతికి తగినట్లు ఉండాలని శాసించింది. పంక్తిలో కూర్చున్నవారి నియమాలను మన్నించడం మన ఇళ్ళలోనూ ఉన్నదే గదా!

అన్నిటికన్న పెద్ద సామ్యం ఇంటి బెంగ. 2020లో మహమ్మారి వల్ల రేవులు మూసివేసినపుడు, ఒప్పందం గడువు తీరినా ఇంటికి చేరలేక సుమారు 4 లక్షలమంది నావికులు ఓడలలోనే చిక్కుకుపోయారు. ఆ బాధకు దేశభేదం లేదు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం విస్తరించిన తరువాత కూడా రష్యా, ఉక్రెయిన్ నావికులు ఒకే ఓడలో కలిసి విధులు నిర్వహించిన సందర్భాలున్నాయి. వారి మనస్సులలో ఏమున్నదో మనం చెప్పలేం; అయినా ఒకరి కాపలాలో మరొకరు నిద్రించవలసిందే.

చివరగా తల్లిదండ్రులకొక మనవి. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు బయటి ప్రపంచంలో నెగ్గుకురాగలరా అని మీరు సందేహిస్తున్నారు. ఇంగ్లీషు శ్రద్ధగా నేర్వవలసిందే. అందులో రాజీ వద్దు. అయితే ఓడలోని ఇంగ్లీషు చాలామందికి మాతృభాష కాదు. అక్కడ రాణించేది ఉచ్చారణలో డాబు కాదు; స్పష్టంగా చెప్పడం, ఓపికగా వినడం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, రైలులో హిందీ మాట్లాడే మన బరంపురం పిల్లలకు ఆ ఓపిక ఉగ్గుపాలతోనే అబ్బుతుంది. పెద్దలను ఇంట్లో "మీరు" అని, పొరుగింట "ఆపణ" అని పిలిచే బిడ్డకు, గౌరవం ఒక్కటేననీ దాన్ని చెప్పే మాటలే వేరనీ ఎవరూ బోధించనక్కరలేదు. తన భాషమీద మమకారం ఉన్నవాడికే ఎదుటివాని మమకారం తెలుస్తుంది.

డెబ్బైఅయిదేళ్ళుగా ఆ విద్యను పంచుతున్న ఈ చదువుల తల్లికి వందనం.