ఊహ ఉన్న చేతికి మెకానికల్ చదువు

బొమ్మలు గీసే, పాత గడియారం విప్పి చూసే పిల్లలు మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతామంటే, అది లెక్కలు బాగా వచ్చినవాళ్లకే గాని మీకు కాదని పెద్దలు వెనక్కి లాగుతుంటారు. ఇది పొరపాటని నా అభిప్రాయం. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తయారుచేసిన లక్ష్మీ ఆసుయంత్రమే ఇందుకు సాక్ష్యం. పోచంపల్లి రకం చీర ఒక్కదానికి ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని కొయ్యల చుట్టూ తిప్పాలంటే, చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి లక్ష్మి పడే భుజం నొప్పి చూడలేక ఆయన ఆ పనిని యంత్రానికి అప్పగించాలనుకున్నారు. దారం ముందుకు వెళ్లడం, కొయ్యను చుట్టి తిరిగిరావడం, పక్క కొయ్యకు జరగడం: ఒక్కో కదలికకు ఒక్కో ఏర్పాటు కావాలి. ముందు దాన్ని మనసులో కదిలించి చూడగలగాలి. సృజన ఉన్న విద్యార్థి బలం సరిగ్గా అదే. ఆ యంత్రం వచ్చాక చీరకు నాలుగైదు గంటల చాకిరి గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆరో తరగతితో బడి మానేసిన మనిషి ఇంత చేస్తే డిగ్రీ ఎందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ 1992లో మొదలైన ఆ ప్రయత్నం 1999 దాకా సాగింది. గుండ్రంగా తిరిగే చలనాన్ని ముందుకూ వెనక్కూ సాగే చలనంగా మార్చే క్రాంకు, క్యామ్‌ల గణితం తెలిస్తే, ఇనుము కోయకముందే చాలా పొరపాట్లు కాగితం మీద దొరికిపోతాయి. ఉద్యోగాలన్నీ కంప్యూటర్ల వైపే ఉన్నాయన్న భయమూ ఉంది. అయితే విద్యుత్ కారు బ్యాటరీని చల్లబరిచే మార్గాన్నీ, రోబో చేతి కీళ్లనూ గీయాల్సింది మెకానికల్ ఇంజనీర్లే.