ఆపమని చెప్పడమూ దయే
(చీపురుపల్లి సత్సంగంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటిజం గల పెద్దవారిని గురించి ఈనాడు మీకు మనవి చేయదలచాను. ఆటిజం అనగానే మనకు చిన్నపిల్లలే స్ఫురిస్తారు. కాని ఆ పిల్లలే పెరిగి పెద్దవారై మన పెళ్ళిళ్ళకు, పేరంటాలకు, దేవాలయాలకు వస్తున్నారు.

1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని వర్ణించాడు. ఇది మెదడు ఎదుగుదలలో పుట్టుకతో వచ్చే తేడా. తల్లి పెంపకంలోని లోపం కాదు, ఏ జన్మలోని పాపమూ కాదు. ఇటువంటివారిలో చాలామందికి ఏదో ఒక విషయంపై అపారమైన ఆసక్తి ఉంటుంది. నాణేలు కావచ్చు, నక్షత్రాలు కావచ్చు, పంచాంగ గణితం కావచ్చు. దానిని గురించి చెప్పనారంభిస్తే వేళ తెలియదు. ఎదుటివారి ముఖంలోని విసుగును గాని, మాటలోని సూచనను గాని పట్టుకోవడం వారికి కష్టం. నలుగురిలో ఇబ్బంది అక్కడే పుడుతుంది.

నా మేనల్లుడికి 32 ఏళ్ళు. హౌరా-చెన్నై రైలుమార్గం మీదనున్న ఈ ఊళ్ళో పెరిగినందువల్లనేమో, రైళ్ళే అతని లోకం. ఒకనాడు మా అక్క అతణ్ణి వెంటబెట్టుకొని బంధువుల ఇంట పెద్దకర్మకు వెళ్ళింది. ఆ ఇంటి కుమారుడు కబురందగానే హైదరాబాదు నుండి బయలుదేరినా తండ్రి కడచూపు దక్కలేదు. మావాడు అతణ్ణి పలకరించిన మొదటి మాట, "ఏ బండికి వచ్చారు?" అని. జవాబు వినగానే అందుకున్నాడు. విశాఖపట్నం స్టేషనులో బండి వచ్చిన దిక్కుకే తిరిగి బయలుదేరాలని, అందుకోసం ఇంజనును రెండో చివర తగిలిస్తారని, కొన్ని బండ్లను ఆ స్టేషనుకు పోనీయకుండా దువ్వాడ మీదుగా మళ్ళిస్తారని వివరించసాగాడు.

ఆ కుమారుడు తలవంచుకున్నాడు. చుట్టూ ఉన్నవారిలో కొందరు ముసిముసిగా నవ్వారు. ఒకరు "రైల్వే మంత్రిగారు వేంచేశారు" అన్నారు. నవ్వులు పెద్దవయ్యాక గాని ఏదో జరిగిందని మావాడికి తెలియలేదు.

ఆ రాత్రి నన్ను ఒక్కటే అడిగాడు: "మావయ్యా, ఆపమని ఎవరూ చెప్పలేదేం?" అది మొదలు శుభకార్యాలకే కాదు, గుడికి రావడం కూడా మానేశాడు. ఇటువంటివారికి సిగ్గు, బాధ తెలియవని కొందరనుకుంటారు. మావాడికి అవి ఆలస్యంగా తెలిశాయి, నెలల తరబడి వదలలేదు.

దుఃఖంలో ఉన్నవారి మనసు నొచ్చిన మాటా నిజమే. మరునాడు అక్క అతణ్ణి మళ్ళీ ఆ ఇంటికి తీసుకువెళ్ళింది. "మీ నాన్నగారు పోయినందుకు నాకు బాధగా ఉంది" అని మావాడు తానే చెప్పాడు. ఆ కుమారుడు అతని చేయి పట్టుకున్నాడు.

గడియారం చూసుకోవడం, ముఖం తిప్పుకోవడం, ఆవులించడం మనకు అర్థమయ్యే సైగలు. అవి అందనివారికి మాటతోనే చెప్పాలి. "బాబూ, వీరు దుఃఖంలో ఉన్నారు. రైళ్ళ సంగతి ఇప్పుడు ఆపు. సాయంత్రం నేను వింటాను" అంటే చాలు. సాయంత్రం తప్పక వినాలి సుమా! ఇప్పుడు మా ఇంట్లో బయలుదేరేముందే, వెళ్ళేది ఎటువంటి సందర్భమో, అక్కడ ఏమి మాట్లాడాలో విడమరచి చెబుతున్నాం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలలో ఆటిజాన్ని చేర్చింది. దానివల్ల ధ్రువపత్రం వస్తుంది, హక్కులు వస్తాయి. పక్కనున్న మనిషి ఆదరణ మాత్రం మనమే ఇవ్వాలి. వాక్కుతో చేసే తపస్సును భగవద్గీత 17వ అధ్యాయం చెబుతున్నది. ఒకరిని నవ్వులపాలు చేయకుండా, ఉన్నమాట నెమ్మదిగా చెప్పడం ఆ తపస్సులోనిదేనని నా విశ్వాసం.

రాబోయే కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరకు వస్తానని మావాడు ఒప్పుకున్నాడు. రైళ్ళలో వచ్చే భక్తులు తిరుగు బండి ఎప్పుడని అడుగుతుంటారు. వారికి చెప్పేందుకు అతనికొక కుర్చీ వేయించవలసిందిగా ధర్మకర్తలను ప్రార్థిస్తున్నాను. మీరడిగినదానికంటె నాలుగు మాటలు ఎక్కువే చెబుతాడు. తొందరలో ఉంటే "బాబూ, ఇక చాలు" అనండి, ఆపుతాడు. దయచేసి నవ్వకండి.

అమ్మవారి కరుణాకటాక్షాలు అందరిపై ప్రసరించుగాక! స్వస్తి.