బస్సుల ఎవరున్నరు?

(డిగ్రీ విద్యార్థులు, తెలుగు అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాహిత్యంలో దృష్టికోణం అనే పాఠాన్ని విద్యార్థులకు ఎట్లా చెప్పాలో మాట్లాడమని పిలిచారు. మేము పాఠాలు చెప్పేవాళ్లం కాదు, వార్తలు రాసి బతికేవాళ్లం. అయినా ఈ ఒక్క పాఠం మాకు ఎట్లా ఒంటబట్టిందో చెప్పగలం.

2010లో మేము డిగ్రీ చదువుతున్నాం. ఉద్యమం ఊరూరా పాకిన రోజులవి. ఒకనాడు కాలేజీ ముందు రాస్తారోకో చేశాం. నాలుగు గంటలు రోడ్డు కదలలేదు. ఆ రాత్రి హాస్టల్ గోడపత్రికకు వార్త రాసే పని మాకే పడింది. డప్పులు, నినాదాలు, పోలీసు వ్యాన్లు, రోడ్డు మీదే వండుకొని తిన్న బువ్వ, అన్నీ రాశాం. దోస్తులు భుజం తట్టారు. తెల్లారి మా తెలుగు సార్ ఆ గోడ ముందు నిలబడి మొత్తం చదివి ఒకటే ప్రశ్న వేశాడు. "బస్సులు ఆగినయని రాసిండ్రు. బస్సుల ఎవరున్నరు?"

మాకు అప్పుడు ఒక అవ్వ యాదికొచ్చింది. ఒళ్లో తోటకూర గంప పెట్టుకొని కిటికీ పక్కన కూర్చుంది. "బిడ్డా, తెలంగాణ రావాలె. నా కూర గూడ అమ్ముడువోవాలె గదా. ఇంకెంతసేపయితది?" అని మమ్మల్నే అడిగింది. మేము నవ్వి ముందుకు పోయాం. అంత మంచి మాటను రాత్రి వార్తలో రాయనే లేదు. మా వార్తలో బస్సు ఉంది, బస్సులో మనుషులు లేరు.

"ఆ అవ్వ సీట్ల కూసొని మళ్ల రాయుండ్రి" అన్నాడు సార్. సగం పేజీ దాటలేదు. గంపలో ఎన్ని కట్టలు పడతాయి, కట్ట ఎంతకు పోతుంది, వాడిపోతే ఏం చేస్తుంది, ఏదీ మాకు తెలియదు. అంగడికి పోయి కూరగాయలమ్మే వాళ్ల దగ్గర కూర్చున్నాం. వాళ్లలో కొందరు పొద్దున ఉద్దెరకు సరుకు తెచ్చుకుంటారు, పొద్దుమీకి పైసలు కట్టాలి. కట్టకపోతే మరునాడు సరుకు ఇవ్వరు. నాలుగు గంటల ఎండ అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. రాస్తారోకో తప్పని మేము అప్పుడు అనలేదు, ఇప్పుడూ అనం. ఆ దినం ఖర్చు ఎవరి గంపలోంచి పోయిందో తెలియకుండా రాసిన వార్త మాత్రం సగం వార్తే.

మిత్రులారా, దృష్టికోణం అంటే ఇదే. చూసే కన్ను ఎక్కడ నిలబడింది అన్న ప్రశ్న. మన తరగతుల్లో దీన్ని ఉత్తమ పురుష, ప్రథమ పురుష అని రెండు ముక్కలు చేసి, పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్నగా అమ్మేస్తున్నాం. 'నేను' అని ఉంటే ఉత్తమ పురుష, 'అతడు, ఆమె' అని ఉంటే ప్రథమ పురుష. పిల్లలు బట్టీ కొడతారు, మార్కులు వస్తాయి, కథ మాత్రం వాళ్ల కండ్లకు అందదు.

మొదట తేల్చవలసింది, 'నేను' అన్నంత మాత్రాన రచయిత కాదని. చలం 1927లో 'మైదానం' రాశాడు. అందులో 'నేను' అని చెప్పేది రాజేశ్వరి. రాసింది మగవాడు, మాట్లాడేది ఆడమనిషి. ఆమె చెప్పిందల్లా చలం ఒప్పుకున్నట్టేనా? ఆమె తనకు తాను ఏం దాచుకుంటోంది? ఈ రెండు ప్రశ్నలు వేస్తే చాలు, తరగతి గది నిద్రలేస్తుంది.

రెండోది, 'అతడు' అని చెప్పినా కన్ను ఒకరి లోపలే ఉండవచ్చు. నవీన్ 'అంపశయ్య' 1969లో వచ్చింది. ఉస్మానియా క్యాంపస్‌లో చదువుకునే రవి అనే పేద విద్యార్థి జీవితంలో ఒక్క రోజు. రవి మనసులో పారే ఆలోచనల గుండానే మనం ఆ క్యాంపస్‌ను చూస్తాం. మెస్ బిల్లు కట్టలేనివాడికి అదే చెట్ల తోవ వేరుగా కనబడుతుంది. కిసలో పైసలున్న పిల్లగాడు అదే తోవన నడిచి ఉంటే నవల ఇంకోటి అయ్యేది.

మూడోది, కొన్నిసార్లు బయటివాడి కన్ను కావాలి. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'లో నిజాం కాలపు తెలంగాణ పల్లె ఉంది, దొర గడీ ఉంది. ఆ ఊరికి సారంగపాణి అనే సంగీతం తెలిసిన మనిషి ఆంధ్ర ప్రాంతం నుంచి బతుకుతెరువు కోసం వస్తాడు. పుట్టిన నాటి నుంచి వెట్టి చూసి అలవాటుపడ్డ కండ్లకు అది వింత కాదు. కొత్తగా వచ్చినవాడికి గుండె అదురుతుంది. మన గడీల గోస చెప్పడానికి మన రచయితే ఆంధ్ర నుంచి వచ్చిన మనిషి కండ్లు అరువు తెచ్చుకున్నాడు. మనవాడు చూస్తేనే నిజం, బయటివాడు చూస్తే అబద్ధం అని కొట్లాటకు దిగే ముందు ఈ నవల మళ్లీ తెరవండి.

బయటి కన్ను అన్నిసార్లూ చూస్తుందని కూడా కాదు. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకప్పుడు వచ్చింది. దానికి సురవరం ప్రతాపరెడ్డి తిట్లతో జవాబు చెప్పలేదు. 354 మంది కవుల రచనలు కూడబెట్టి 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చాడు. 'లేరు' అన్న మాటకు చాలాసార్లు అర్థం 'నేను నిలబడ్డ చోటు నుంచి కనబడలేదు' అనే. మేము రాసిన గోడపత్రికలో అవ్వ లేకపోయినట్టే.

ఇంకొక సంగతి భాష. చాలా కథల్లో కథ చెప్పే గొంతు పుస్తకాల తెలుగు మాట్లాడుతుంది, పనివాళ్లకు మాత్రం యాస ఉంటుంది. అంటే కన్ను ఎవరి ఇంట్లో నిలబడిందో భాషే పట్టిస్తుంది. పాకాల యశోదారెడ్డి 'మా ఊరి ముచ్చట్లు'లో పాలమూరు పలుకుకు కథ నడిపే పెత్తనం ఇచ్చింది. మమ్మల్నే చూడండి. ఇంతసేపూ పుస్తకాల తెలుగులోనే మాట్లాడి, అవ్వకూ సార్‌కూ యాస ఇచ్చాం. అలవాటు అంత తొందరగా పోదు. మీ పిల్లలు పట్టుకొని మమ్మల్ని అడిగితే సంతోషిస్తాం.

ఇక తరగతిలో చేయించదగిన పని. ఒక కథ తీసుకొని అందులో నోరు లేని మనిషితో మళ్లీ చెప్పించండి. ఓల్గా 'విముక్త' కథల్లో చేసింది ఇదే. రామాయణంలో ముక్కు చెవులు కోసిన తర్వాత శూర్పణఖ ఏమైందని ఎవరు అడిగారు? ఓల్గా అడిగింది. సీతను ఆమె తోటకు తీసుకుపోయింది. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

పిల్లలకు మూడు షరతులు పెట్టండి. చెప్పే మనిషి చూడనిదీ విననిదీ రాయరాదు. బస్సులో అవ్వకు మైకులో నాయకుడి మాట సగమే వినబడుతుంది, ఆ సగమే రాయాలి. తెలియనిది అడిగి తెలుసుకొని రాయాలి, జాలితో నింపరాదు. మనకు నచ్చని మనిషి తరఫున రాసినప్పుడు, అతడు చదివి 'అవును, నేను ఇట్లనే అనుకున్న' అనేటట్టు ఉండాలి.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. అందరి కోణమూ సరైనదేనా? దొర కోణం, వెట్టివాని కోణం రెండూ సమానమేనా? కావు. దృష్టికోణం వేరు, దృక్పథం వేరు. ఎక్కడ నిలబడి చూశావన్నది మొదటిది. చూసినాక ఎవరి పక్షాన నిలబడ్డావన్నది రెండోది. దొర తనకు తాను ఎట్లా నచ్చజెప్పుకుంటాడో తెలిస్తే వెట్టి ఎట్లా అన్నేండ్లు సాగిందో తెలుస్తుంది. తెలుసుకున్నంత మాత్రాన దొరను ఒప్పుకున్నట్టు కాదు. చుట్టూ తిరిగి చూసినవాని పక్షమే గట్టిగా నిలబడుతుంది. చూడకుండా పక్షం పట్టినవాడు నినాదం మారిన నాడు తానూ మారిపోతాడు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మనలో కొందరం ఉద్యోగాల్లో కుదిరాం, కొందరం పత్రికల్లో ఉన్నాం, కొందరం కుర్చీలకు దగ్గరగా ఉన్నాం. ఒకప్పుడు రోడ్డు మీద ఉన్న మనం ఇవాళ ఇంకెవరో రోడ్డెక్కితే విసుక్కుంటున్నాం. అంటే ఇప్పుడు మనం బస్సులో ఉన్నాం. అవ్వను అడిగినట్టే, రోడ్డు మీద ఉన్నవాళ్లు ఎందుకు ఉన్నారో దిగి అడగాలి గదా.

రెండోసారి రాసిన వార్తను సార్ గోడపత్రికలో మొదటిదాని పక్కనే అంటించాడు. మొదటిది తీసేయనీయలేదు. "రెండూ ఉండనీయుండ్రి, చదివేటోళ్లు రెండూ చూస్తరు" అన్నాడు. అధ్యాపక మిత్రులారా, మీ తరగతి గోడ మీద కూడా రెండు కాగితాలకు జాగా ఉంచండి.