అడిగి చేసేదే సాయం



మా సంఘంలో ఒక పెద్దమ్మకు చూపు తగ్గింది. పింఛను డబ్బు కొడుకు లాక్కుంటున్నాడని తెలిసి, ఆ డబ్బు మేమే దాచి సరుకులు కొనిచ్చాం. మంచి చేశామనుకున్నాం. ఒకరోజు ఆమె, "వాడూ నన్నడగలా, మీరూ నన్నడగలా" అంది. మాకు తల కొట్టేసినట్టయింది.

ఇప్పుడు పింఛను రోజున మాలో ఒకరం పక్కన ఉంటాం. నోట్లు ఆమే తడిమి లెక్కపెట్టి కొంగున ముడేసుకుంటుంది. ఏ కాగితమైనా చదివి వినిపించాకే వేలిముద్ర. వయోవృద్ధుల చట్టం 2007 కింద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టొచ్చని, 14567కు ఫోన్ చేయొచ్చని ఆమెకు చెప్పాం. "ఈసారికి వద్దు. మళ్లీ చేస్తే నేనే చెప్తా" అంది. ఆగాం. కానీ రోజూ పలకరించి వస్తున్నాం.

మీ సంఘాల్లోనూ ముందు అడగండి, తర్వాత చేయండి.