గొడ్ల డాక్టరు కాదలచినవారికి

కుక్కపిల్లను ఒడిలో నుంచుకొని మురిసిన ప్రతి బాలునికిని, బాలికకును పశువైద్యవిద్య తగునని తలంచుట పొరపాటు. ఆ ప్రేమ అవసరమే కాని, ఈనలేక అర్ధరాత్రి మూలుగుచున్న గేదె గర్భమున భుజము మునుగునంతవఱకు చేయి జొనిపి, వెనుకకు మళ్ళిన దూడ తలను తడుముకొనుచు సరిచేయువానికి ఓర్పును, నేర్పును, దుర్గంధమునకు చలింపని మనస్సును గూడ కావలెను. రక్తము చూచి కన్నులు తిరుగుటకు వెరవనక్కరలేదు, అది అలవాటున పోవును.

తిరుపతిలో 1955లో నెలకొల్పబడిన పశువైద్య కళాశాల మొదలగు వానియందు ఈ పట్టవిద్య, ఒక సంవత్సరపు ఇంటర్న్‌షిప్పుతో గూడ, అయిదున్నర ఏండ్లు. పదవ తరగతి ముగించినవారికి రెండేండ్ల పశుసంవర్ధక డిప్లొమాయు గలదు.

దరఖాస్తు నింపుటకు ముందు, సమీపమందలి పశువుల ఆసుపత్రిలో, వైద్యుని అనుమతితో, పది ఉదయములు గడపుడు. నోరులేని రోగి గనుక, నెమరు ఆగినదా, ముట్టె ఆరినదా, పేడ యెట్లున్నది యని ఆయన యజమానినే యడుగుచుండును. చికిత్సకగు వ్యయము పశువు వెలకు మించునని తెలిసినప్పుడు (నా దృష్టిలో ఈ వృత్తియందు కష్టతరమైన ఘడియ యిదియే) ఆ రైతు తలగుడ్డ విప్పి మరల చుట్టుకొనుచు మౌనముగా నిలుచుండును. అపుడు వైద్యుడేమి పలుకునో చెవియొగ్గి వినుడు.